ఒతీలియా డాక్టరమ్మ ఎక్కడుందో చెప్పండి

ఒతీలియా కొరోసో మా పీతలవాడలో మొదటిసారి అడుగుపెట్టింది నా కూతురు పోయిన రోజున.

రొసౌరాకి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ ఏడాది వానలు తెరిపి లేకుండా కురిసి గ్వయాకిల్ నగరమంతా మురుగులో నానిపోయింది. మా వాడ ఉన్నదే ఉప్పుటేటి మీద. బురదలో గుంజలు పాతి, వాటి మీద వెదురు తడికలతో ఇళ్ళు కట్టుకున్నాం. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్కలు పరిచిన వంతెనలు. పిల్లకి విరేచనాలు పట్టుకుంటే పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయాను. అక్కడ నల్లగా, పొడుగ్గా ఉన్న ఒక డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి, పిల్ల కళ్ళు తెరిచి నవ్వాక ఇంటికి పంపింది. వారం తిరక్కుండా మళ్ళీ పట్టుకున్నాయి. మళ్ళీ ఆమే చూసింది, మళ్ళీ బాగుచేసింది, ఫలానా రోజున తెచ్చి చూపించమని చెప్పింది. ఆ రోజు పొద్దున్నే బయల్దేరాను. వంతెన దాటకముందే నా చేతుల్లో పిల్ల బరువు మారిపోయింది. వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను.

ఆసుపత్రిలో మా కోసం చూసి చూసి, డ్యూటీ దిగాక ఆమె వెతుక్కుంటూ వచ్చింది. చెక్కల మీద జారుతున్నాయని బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. నా మొగుడు తెయోఫిలో గుమ్మం బయట కూర్చుని చిన్న పెట్టెకి మేకులు కొడుతున్నాడు. అది చూడగానే ఆమెకి అర్థమైపోయింది. లోపలికి వచ్చి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

"పిల్లకి ఏ నీళ్ళు పట్టావమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "శవం పక్కన కూర్చుని నీళ్ళ సంగతి అడుగుతున్నారే, మీకు పిల్లలున్నారా అసలు?"

"లేరు" అంది. అని లేచి, మూలనున్న పీపాలో చెయ్యి ముంచి వాసన చూసింది. "కాచి పట్టమని చెప్పాను కదా."

"చెప్పారు. కాచడానికి కిరసనాయిలు కూడా రాసివ్వాల్సింది ఆ మందుచీటీలో."

ఆమె నన్ను కోప్పడుతుందనుకున్నాను. నేల మీద నా పక్కనే చతికిలబడింది. "నిజమే. నేను అడగలేదు" అంది. కొంతసేపటికి, గొంతు తగ్గించి, "మా ఎస్మెరాల్దాస్ వైపు చిన్నపిల్లలు పోతే ఏడవరు, పాడతారు. పాడనా?" అని అడిగింది. వద్దన్నాను. ఆమె పాడలేదు. కానీ పిల్లని మట్టి చేసేదాకా ఉంది. తెల్లకోటు అంచులన్నీ బురదయ్యాయి.

ఆ తర్వాత కొన్ని వారాలకి ఒక తోలుపెట్టె పట్టుకుని మళ్ళీ వచ్చింది. వంతెన చివర ఖాళీగా ఉన్న తడికల ఇంట్లో దిగింది. మొదట్లో పొద్దున్న ఆసుపత్రికి పోయి, మధ్యాహ్నం నుంచి మా వాడలో రోగుల్ని చూసేది. తర్వాత ఆసుపత్రి ఉద్యోగం వదిలేసింది. ఎందుకు వదిలారని నేనొకసారి అడిగితే, "అక్కడ నేను బాగుచేసి పంపేదాన్ని, ఇక్కడి నీళ్ళు మళ్ళీ నా దగ్గరికి తోలేవి. మధ్యలో పిల్లలు నలిగిపోతున్నారు హసింతా" అంది. గొప్ప పని చేస్తున్నాననే మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

ఏడాది తిరిగేసరికి ఆమె చెల్లెలు నూబియా కుట్టుమిషనుతో సహా వచ్చి చేరింది. పొట్టిగా, బొద్దుగా, నోరు మాత్రం ఊరంత. "మా అక్కకి చదువుంది కానీ బుర్ర లేదు. చూసుకోడానికి ఎవరో ఒకరు ఉండాలిగా, అందుకని వచ్చాను" అని వాడంతా వినేట్టు చెప్పింది. రోగులు ఇచ్చిన అరటికాయ గెలలు గుమ్మంలో పేరుకుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది.

"మళ్ళీ అరటికాయలేనా? ఏమే అక్కా, డాక్టరు చదివావా, కూరగాయల కొట్టు పెట్టావా?"

"నువ్వు వేయించు, నేను తింటా."

"నీకేం, తిని పోతావు. నూనె ఎవడిస్తాడు?"

ఒతీలియా డాక్టరమ్మ మెత్తని మనిషని ఎవరైనా అంటే నమ్మకండి. ఆమె దగ్గరికి పోవాలంటే మాకు భయమే. పిల్లని ఆలస్యంగా తెస్తే తల్లిని అందరి ముందూ కడిగేసేది. తాగొచ్చి పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినవాడొకడు కట్టు కట్టించడానికి పెళ్ళాన్ని వెంటబెట్టుకొస్తే, కట్టు కట్టాక చెప్పు తీసి వాణ్ణి కొట్టింది. చెప్పిన మందు వేసుకోకపోతే మాట్లాడ్డం మానేసేది. ఆ కోపంలోనే మళ్ళీ ఇంటికొచ్చి, పిల్ల నోరు తెరిచి మందు పోసి, మాట్లాడకుండానే వెళ్ళిపోయేది. ఆమె తిట్లు పడ్డ పిల్లలు బతికారు. కొంతమంది బతకలేదు. పోయిన ప్రతి పిల్ల దగ్గరికీ వెళ్ళి కూర్చునేది. ఆ రోజుల్లో రాత్రి భోజనం చేసేది కాదని నూబియా చెప్పేది.

మాకు నీళ్ళు ట్యాంకర్లలో వచ్చేవి. ట్యాంకర్లన్నీ ఎలిసేయో బాంచోన్‌వి. అందరం దోన్ ఎలిసేయో అని గౌరవంగా పిలిచేవాళ్ళం, పిలవకపోతే నీళ్ళు రావు కనక. ఆ నీళ్ళు ఎక్కడివని డాక్టరమ్మ ఒకరోజు ట్యాంకరు వెనకాలే బస్సెక్కి పోయి చూసొచ్చింది. మురుక్కాలవ కలిసేచోట గొట్టం పెట్టి లాగుతున్నారు. అతని దగ్గరికే నేరుగా పోయి, నీళ్ళలో క్లోరిన్ కలపమంది. మందు తనే తెచ్చిస్తానంది. అతను నవ్వాడు.

"డాక్టరమ్మా, మీరు రోగాలు చూసుకోండి. నీళ్ళు నేను చూసుకుంటా."

"మీ నీళ్ళే కదయ్యా నా రోగాలు."

"ఇష్టం లేనివాళ్ళు తాగొద్దు. నేనెవరి నోట్లోనూ పొయ్యట్లేదే."

మర్నాడు, క్లోరిన్ కలిపేదాకా ఆ నీళ్ళు వద్దని మేమంతా బిందెలు బోర్లించి వంతెన మొదట్లో కూర్చున్నాం. ట్యాంకరు వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ మర్నాడు వచ్చింది, వెళ్ళింది. వానలో కప్పుల మీంచి కారిన నీళ్ళు పట్టుకుని కాచి తాగాం. నీళ్ళు లేక ఇళ్ళల్లో గొడవలయ్యాయి, నన్ను తెయోఫిలో తిట్టాడు, నేను డాక్టరమ్మని తిట్టుకున్నాను. వారం గడిచాక ఒక మిట్టమధ్యాహ్నం, డాక్టరమ్మ కాన్పు చెయ్యడానికి ఎవరింటికో వెళ్ళినప్పుడు, ఆమె తడికల ఇల్లు అంటుకుంది. వెదురు కాలితే టపాకాయల్లా పేలుతుంది. నూబియా కుట్టుమిషను ఒక్కటీ బయటికి లాగగలిగింది. మందులు, మంచం, పుస్తకాలు, తోలుపెట్టె అన్నీ బుగ్గయ్యాయి. ఎవరు అంటించారో చూసినవాళ్ళు లేరు. ఉన్నా చెప్పలేదు.

డాక్టరమ్మ వచ్చి నుసిని చూసింది. ఏడుస్తుందేమోనని మేం పక్కకి తప్పుకున్నాం. ఆమె చేతికంటిన పురిటి నెత్తురు ఇంకా కడుక్కోలేదు. "మగపిల్లాడు. తల్లీ పిల్లాడూ బానే ఉన్నారు" అంది, ఎవరూ అడక్కుండానే.

"అక్కా, ఇంటికి పోదాం" అంది నూబియా. ఆ మనిషి గొంతు అంత చిన్నగా పలకడం వినడం నాకదే మొదటిసారి. "మన నది దగ్గరికి పోదాం."

"నువ్వెళ్ళు."

"నేనెళ్తే నీకు అన్నమెవరు పెడతారే, పిచ్చిదానా?"

ఇద్దరూ మా ఇంట్లో దిగారు. గుమ్మం ముందు టార్పాలిన్ కట్టి అక్కడే రోగుల్ని చూసింది. ట్యాంకరు నీళ్ళే మళ్ళీ పట్టుకోవలసి వచ్చింది, వేరే దారి లేదు. ఎవరి బిందెలో వాళ్ళం చుక్కలు లెక్కపెట్టి క్లోరిన్ మందు వేసుకోవడం మాత్రం ఆమె మాకు నేర్పింది. వెయ్యనివాళ్ళని నూబియా వీధిలో పేరు పెట్టి తిట్టేది.

కలరా వచ్చిన ఏడు ఆ చుక్కలే మమ్మల్ని కొంత కాపాడాయి. కొంతే. పక్క వాడల నుంచి, ఏటి అవతలి నుంచి, పడవల్లో మనుషుల్ని వేసుకొచ్చేవాళ్ళు. బడి మూసేసి అందులోనే ఆసుపత్రి పెట్టాం. మంచాలకి మధ్యలో కన్నం కోసి, కింద బకెట్లు పెట్టాం. తెయోఫిలో రోజంతా మంచాలే కోశాడు. నేను బకెట్లు మోశాను. బియ్యం కడిగిన నీళ్ళలా పోయేది మనుషుల్లోంచి. పొద్దున నడిచొచ్చినవాడు సాయంత్రానికి ముసలివాడిలా ముడుచుకుపోయేవాడు. డాక్టరమ్మ నిలబడే నిద్రపోయేది, గోడకి ఆనుకుని. ఎవరైనా ముట్టుకుంటే, కళ్ళు తెరవకుండానే, "ఎవరికి?" అనేది.

ఎలిసేయో బాంచోన్ తన భార్య బెత్సబేని మోసుకుని వచ్చాడు. అతని ఇల్లు ఊళ్ళో, రోడ్డు మీద, పెంకుటిల్లు. అక్కడున్న ఆసుపత్రులన్నీ నిండిపోయి వెనక్కి తిప్పారట. మేం పని ఆపి చూస్తున్నాం. ఒకావిడ బకెట్ కింద పెట్టి, "వెళ్ళి నీ ట్యాంకరులో పడుకోబెట్టు" అంది. డాక్టరమ్మ ఆమె వైపు ఒక్క చూపు చూసింది. బకెట్ మళ్ళీ పైకి లేచింది.

బెత్సబే నరాలు దొరకలేదు. డాక్టరమ్మ రెండు చేతులా వెతికి, కాలి మడమ దగ్గర సూది దించింది. అప్పటికే ఆలస్యమైపోయింది. సాయంత్రం ఎండ కిటికీలోంచి పడుతుండగా బెత్సబే ప్రాణం పోయింది. ఎలిసేయో బల్ల మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

"ముందే తేవాల్సింది" అంది డాక్టరమ్మ. ఎవరికైనా అదే చెప్పేది. అతనికీ అదే చెప్పింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"ఆమె మా ట్యాంకరు నీళ్ళు తాగదు" అన్నాడు అతను. "ఇంట్లో కాచినవే తాగుతుంది. పనమ్మాయి కాచలేదేమో."

డాక్టరమ్మ బెత్సబే మడమలోంచి సూది తీసింది. పక్క మంచం దగ్గరికి పోయింది. అతను ఆమెకి దణ్ణం పెట్టలేదు, క్షమించమనీ అడగలేదు. తర్వాత ఎప్పుడూ ఆమెతో మాట్లాడలేదు. అయితే ఆ నెలలోనే ట్యాంకరు నీళ్ళకి క్లోరిన్ వాసన రావడం మొదలైంది. ఆ వాసన వచ్చినరోజు నేను పీపా పక్కన కూర్చుని ఏడ్చాను. అన్నేళ్ళ తర్వాత రొసౌరా కోసం ఏడ్చాను.

ఏళ్ళు గడిచాయి. లారీలతో మట్టి తెచ్చి ఉప్పుటేటిని పూడ్చారు. చెక్క వంతెనలు పోయి సిమెంటు వీధులొచ్చాయి, పంపులొచ్చాయి. ప్రభుత్వం వాళ్ళు ఒక ఆరోగ్య కేంద్రం కట్టారు, అందులో డాక్టరమ్మకి చిన్న ఉద్యోగం ఇచ్చారు, వయసైపోయిందని తీసేశారు. చెల్లెలూ తనూ కట్టుకున్న ఇంటి ముందు గదిలో ఆమె కుర్చీ వేసుకుని మళ్ళీ రోగుల్ని చూడ్డం మొదలుపెట్టింది. మోకాళ్ళు వాచిపోయి కర్ర పట్టుకు నడిచేది. ఆమె కాన్పు చేసిన పిల్లలకి పిల్లలు పుట్టారు, వాళ్ళనీ ఆమే తిట్టింది.

అప్పుడు కరోనా వచ్చింది.

మా ఊరికి ఎలా వచ్చిందో లోకమంతా చూసిందంటారు. మేం చూసింది మాకు కనపడినంత మేరే. ముందు ఆరోగ్య కేంద్రంలో నర్సు పడిపోయింది, గేటుకి తాళం వేశారు. తర్వాత మా వీధిలో రొట్టెలమ్మే ఆయన పోయాడు, ఆయన కొడుకు పోయాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఎండ మాడ్చేస్తోంది. ఇళ్ళల్లో శవాలు ఉంచుకోలేక దుప్పటి కప్పి వీధి పక్కన పెట్టారు. ఒక శవానికి ఎండ తగలకుండా ఎవరో గొడుగు పాతారు. ఆ గొడుగు మీద పువ్వుల బొమ్మలున్నాయి.

డాక్టరమ్మకి అప్పటికి డెబ్బై. నూబియా గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నా మీద నడిచి వెళ్ళు."

"నూబియా, లే."

"నీ మోకాళ్ళతో నన్ను దాటగలిగితే దాటు. చూద్దాం."

"మన ఎదురింట్లో మనిషి పోయి నిన్నటికి రెండ్రోజులైంది. డాక్టరు సంతకం లేకపోతే పూడ్చనివ్వరు. నేను డాక్టర్ని."

నూబియా చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, మిషను ముందు కూర్చుని అక్కకి ముసుగులు కుట్టింది. వానకోటు, ఈత కళ్ళజోడు, చేతులకి గిన్నెలు తోమే తొడుగులు. అలా బయల్దేరింది ఒతీలియా డాక్టరమ్మ. ఇన్నేళ్ళూ బతికించడానికి తిరిగిన వీధుల్లో చచ్చినవాళ్ళ చావు రాసివ్వడానికి తిరిగింది. మా వీధే కాదు, ఏటి కట్ట దాకా. ఎవరు పిలిస్తే వాళ్ళింటికి.

మా తెయోఫిలోకి దగ్గు మొదలైంది. నాలుగో రోజుకి ఊపిరి అందలేదు. ఆమె వచ్చి, ఛాతీ మీద గొట్టం పెట్టి విని, నన్ను గుమ్మం బయటికి తీసుకొచ్చింది.

"ఆక్సిజన్ కావాలి. ఊళ్ళో ఎక్కడా లేదు హసింతా. పొద్దుట్నుంచి అడుగుతూనే ఉన్నాను."

"మరేం చెయ్యమంటారు?"

"బోర్లా పడుకోబెట్టు. వీపు మీద చెయ్యి తియ్యకు. పక్కన మనిషి ఉన్నట్టు తెలియాలి అతనికి."

"అది వైద్యమా డాక్టరమ్మా?"

"కాదు" అంది. కళ్ళజోడు లోపల ఆవిరి పట్టి కళ్ళు కనపడలేదు. "ఇవాళ నా దగ్గర వైద్యం లేదు."

చెయ్యి తియ్యలేదు నేను. మర్నాడు మధ్యాహ్నం నా చేతి కింద వీపు కదలడం ఆగిపోయింది. ఆమె మళ్ళీ వచ్చి కాగితం రాసింది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి మోచేతిలోకి దగ్గింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"నిన్నట్నుంచి. నూబియాకి చెప్పకు."

"ఆవిడకి చెవుడా, వినపడకుండా ఉండటానికి?"

ఆ ఇంట్లో, ఆ శవం పక్కన, ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకి నాకిప్పటికీ సిగ్గుగా లేదు. ఆమె రాసిచ్చిన కాగితం వల్లనే తెయోఫిలోని మా మరిది తన బండిలో వేసుకెళ్ళి, అట్టపెట్టెలో పెట్టి, మా పిల్ల ఉన్న చోటికి దగ్గర్లోనే మట్టి చెయ్యగలిగాడు. నా మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఆ ఏడాది మా ఊళ్ళో అదే పెద్ద భాగ్యం.

ఆ తర్వాత కొద్దిరోజులకి నూబియా కిటికీలోంచి నన్ను పిలిచింది. ఇంట్లో పోగొట్టుకోడానికి నాకింకెవరూ లేరు, వెళ్ళి కూర్చున్నాను. డాక్టరమ్మ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాటకీ మాటకీ మధ్య చాలా దూరం ఉంది.

"బోర్లా తిరుగు అక్కా" అంది నూబియా.

"నాకిష్టం లేదు."

"ఊరందర్నీ తిట్టి బోర్లా వేశావు. నీకు మాత్రం ఇష్టం లేదా?"

"గోడ కనపడుతుంది... బోర్లా పడుకుంటే. మిమ్మల్ని చూడాలి."

నూబియా మంచం చివర కూర్చుంది. అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టసాగింది. డాక్టరమ్మ కాసేపటికి కళ్ళు తెరిచి, మూలవీధి ముసలామెకి షుగరు మాత్రలు అయిపోయుంటాయి, ఎవరైనా వెళ్ళి చూడండి అంది. నేను చూస్తానన్నాను. "ఇవాళే" అంది. ఇవాళే అన్నాను. సాయంత్రం లోపల పోయింది.

ఆమె చావు రాసివ్వడానికి డాక్టరు లేడు.

ఫోన్లు చేశాం. పేరు, చిరునామా రాసుకున్నారు, వస్తామన్నారు, రాలేదు. చేపల మార్కెట్ నుంచి మా వీధి ఆడవాళ్ళు మంచు గడ్డలు మోసుకొచ్చి మంచం చుట్టూ పేర్చారు. కుర్చీలు వేసుకుని, దూరం దూరంగా, గుమ్మం ముందు వంతుల వారీగా కూర్చున్నాం. మాలో ఎవరికీ ఏడవడానికి ఓపిక లేదు. నూబియా ఇంట్లో ఉన్న మంచి దుప్పటి తీసి, ఎర్రదారంతో దాని మూల అక్క పేరు కుట్టింది. పేరు కింద "డాక్టరు" అని కుట్టింది. మంచుగడ్డలు కరిగి నీళ్ళు గుమ్మం దాటి వీధిలోకి పోతున్నాయి. ఆమె కుడుతూనే ఉంది.

లారీ వచ్చింది. తెల్ల దుస్తుల్లో ముఖాలు కనపడని మనుషులు దిగారు. లారీలో అప్పటికే చాలామంది ఉన్నారు. ఇవ్వొద్దు, మనమే మట్టి చేద్దాం అన్నారు కొందరు. ఎక్కడ చేస్తాం? కాగితం లేదు, పెట్టె లేదు, ఎండ అలా ఉంది, వీధిలో పిల్లలున్నారు. పిల్లలకి అంటుతుందని ఆమే ఉంటే మమ్మల్ని తిట్టి ఉండేది. నూబియానే చివరికి తలూపింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని అడిగింది.

"శవాల గదికమ్మా. ఆ తర్వాత మాకు తెలీదు. అక్కడ అడగండి" అన్నాడు ఒకడు. "ఎవరు ఈవిడ?"

"మా డాక్టరు."

వాడు దుప్పటి చెదరకుండా మెల్లిగా ఎత్తాడు. లారీ మూల తిరిగింది. ఒతీలియా కొరోసోని మేం చూడటం అదే ఆఖరు.

తర్వాత నెలల తరబడి వెతికాం. ఆసుపత్రుల, శ్మశానాల గేట్ల ముందు నిలబడ్డాం. మాలాంటివాళ్ళు వందలమంది, ఫొటోలు గుండెలకి ఆనించుకుని. ఒకచోట ఇంకోచోటికి పొమ్మనేవాళ్ళు, అక్కడివాళ్ళు మళ్ళీ ఇక్కడికే. ఎర్రదారంతో పేరు కుట్టిన దుప్పటి అని నూబియా చెబితే, ఒకమ్మాయి కళ్ళెత్తకుండా, "దుప్పట్లన్నీ కాల్చేశారమ్మా. అందర్నీ ఒకేలాంటి సంచుల్లో పెట్టారు" అంది. ఆ అమ్మాయి మీద కూడా కోపం రాలేదు. అదే మాట మా వెనకున్న వాళ్ళందరికీ చెప్పాలి ఆమె.

ఏడాదిన్నర గడిచాక మా వీధికి డాక్టరమ్మ పేరు పెడుతున్నారని కబురొచ్చింది. నీలం బోర్డు, దానికి తెర, మైకు, బడిపిల్లల చేతుల్లో జెండాలు. నగర మేయరు కార్యాలయం నుంచి ఒక అధికారి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. చెమటలు కక్కుతూ చాలాసేపు మాట్లాడాడు. పేదల తల్లి అన్నాడు, దీపం అన్నాడు. "ఒతీలియా కొరోసో ఎక్కడికీ పోలేదు. మనందరి గుండెల్లో ఉంది" అని ముగించి, తెర లాగమని నూబియాకి తాడు అందించాడు.

నూబియా తాడు పట్టుకోలేదు.

"గుండెల్లో కాదయ్యా. ఏ గుంటలో ఉందో చెప్పండి."

మైకు ముందే ఉంది కనక వీధంతా వినపడింది. అధికారి ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"మా అక్క మీ చేతికొచ్చింది. పేరుతో ఇచ్చాం. ఎక్కడ పెట్టారు? బోర్డు తర్వాత పెడుదురు గాని, ముందు అది చెప్పండి. ఇంకోటి. ఆ మూలనున్న ఆరోగ్య కేంద్రానికి తాళం వేసి ఎన్నాళ్ళైంది? మా అక్క పేరు ఇనప రేకు మీద రాసి, ఆవిడ చేసిన పనికి తాళం వేస్తారా?"

నేను వెళ్ళి అతని కారు ముందు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఆ క్షణంలో ఆలోచించలేదు. నా పక్కన ఇంకొకావిడ, ఆమె పక్కన ఇంకొకావిడ. బడిపిల్లలు జెండాలు ఊపడం మానేసి మమ్మల్నే చూస్తున్నారు. "అమ్మా, లేవండి, ఎండలో పడిపోతారు" అన్నాడు అధికారి. "పడిపోతే చూడ్డానికి డాక్టరు లేడు, తెలుసు" అంది నా పక్కావిడ. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అతను ఫోన్లు చేశాడు. ఎవరెవరినో బతిమాలాడు. చివరికి మా అందరి ముందూ మాట ఇచ్చాడు. తెర ఎవరూ లాగలేదు, గాలికి అదే ఊడిపోయింది.

మాట సగం నిలబడింది. ఆరోగ్య కేంద్రం తెరిచారు. ముందొచ్చిన డాక్టరు కొండ ప్రాంతం అబ్బాయి, ఈ ఉక్క తట్టుకోలేక వెళ్ళిపోయాడు. ఇప్పుడున్నది ఒక చిన్నపిల్ల, పెళ్ళి కూడా కాలేదు. ఒతీలియా డాక్టరమ్మ ఇలా చేసేది, అలా చేసేది అని మేం చెబుతుంటే మొదటివారంలోనే విసుక్కుంది. "నేను ఆవిడని కాను. నన్ను ఆవిడతో పోల్చకండి, నా పని నన్ను చేసుకోనివ్వండి" అంది. సరే అన్నాం. పని చేస్తోంది.

ఇంకో సగం ఆ తర్వాతి వానల్లో తెలిసింది. ఊరి చివర కొత్తగా తెరిచిన శ్మశానంలో ఒక వరస, ఒక అంకె ఇచ్చారు. ఆ అంకెకి ఎదురుగా కంప్యూటర్లో కొరోసో అనే ఇంటిపేరు ఉందట, ముందు పేరు తప్పుందట. ఆడమనిషి, వయసు సుమారు డెబ్బై. తవ్వి చూడాలంటే కోర్టుకి పోవాలి, ఏళ్ళు పడుతుంది అన్నారు.

నూబియా, నేను రెండు బస్సులు మారి వెళ్ళాం. చెట్టు లేదు, నీడ లేదు. ఒకేలాంటి సిమెంటు పలకలు వరసలు వరసలుగా ఉన్నాయి. కొన్నిటి మీద పేర్లు, చాలావాటి మీద అంకెలే. మాది వెతికి పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నూబియా పలక మీద దుమ్ము గౌను అంచుతో తుడిచి, వంగలేక వంగి, తెచ్చిన పువ్వులు పెట్టింది.

"ఇది డాక్టరమ్మే అంటావా?" అని అడిగాను.

"ఏమో" అంది. పువ్వులు గాలికి పోకుండా ఒక రాయి వెతికి వాటి మీద పెట్టింది. "మా అక్కే అయితే మంచిదే. ఇంకెవరైనా అయితే, వాళ్ళకి మాత్రం ఒక పువ్వు వద్దా?"

నెలకోసారి వెళ్తూనే ఉన్నాం.